టోనీ మోరిసన్‌ని చదవాలంటే బిలవెడ్‌తో మాత్రం మొదలెట్టకండి

మోరిసన్ చదువుదాం అనుకున్న ప్రతివాళ్లూ ముందు బిలవెడ్ కొంటారు, నేనూ అంతే. నోబెల్ వచ్చిన అమెరికన్ నల్లజాతి రచయిత్రి, పులిట్జర్ వచ్చిన నవల, ఇంకేం కావాలి అనుకుని మొదలెట్టా, ఇరవై పేజీలకి ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తెలియక మూసేశా, ఏడాది తర్వాత మళ్లీ తీసి మళ్లీ అక్కడే ఆగిపోయా. చివరికి వేరే రూట్‌లో వెళ్తే దారి దొరికింది, అదే ఇక్కడ రాస్తున్నా.

ఒక్క విషయం ముందే బుర్రలో పెట్టుకోండి. ఈవిడ బయటివాళ్లకి ఏదీ విడమర్చి చెప్పదు. ఎండాకాలం రాత్రి అమ్మమ్మ వాళ్ల అరుగు మీద పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మనం పక్కన పడుకుని వినేవాళ్లం గుర్తుందా, ఎవరి గురించి అంటున్నారో ముందు తెలియదు, పేర్లు కలిసిపోతాయి, కాసేపటికి అవే విడిపోతాయి, మధ్యలో లేచి అడిగితే పోయి పడుకో అంటారు. మోరిసన్‌ని కూడా అలాగే చదవాలి.

మొదట రెసిటటిఫ్. 1983లో వచ్చిన కథ, ఒక్క కూర్చోడులో అయిపోతుంది, 2022 నుంచి విడి పుస్తకంగా కూడా దొరుకుతోంది. ట్విలా, రాబర్టా అని ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలు ఒక అనాథాశ్రమంలో ఒకే గదిలో ఉంటారు, ఒకళ్లు తెల్లవాళ్లు, ఒకళ్లు నల్లవాళ్లు, ఎవరు తెల్లో ఎవరు నల్లో కథ అయిపోయినా చెప్పదు. మీరు చేయాల్సిందల్లా చదువుతూ ఒక కాగితం మీద మీ గెస్ రాసుకోవడం, ఏ వాక్యం చూసి అలా అనుకున్నారో కూడా రాయడం. పెద్దయ్యాక ఇద్దరూ మళ్లీ మళ్లీ ఎదురుపడతారు కదా, అప్పుడల్లా గెస్ మారితే మార్చండి. నేను నాలుగుసార్లు కొట్టేసి రాశా. రెండోసారి చదివి చూస్తే నేను పట్టుకున్న క్లూలన్నీ నేను తెచ్చిపెట్టుకున్నవే, కథలో లేవు.

తర్వాత ఆవిడ మొదటి నవల ద బ్లూయెస్ట్ ఐ, దీనికి ముందు ఆవిడ బతుకు కాస్త తెలిస్తే బాగుంటుంది. అసలు పేరు క్లోయీ వాఫర్డ్, 1931లో ఒహాయోలో లొరైన్ అనే స్టీల్ ఊళ్లో పుట్టింది, నాన్న వెల్డర్. తనకి రెండేళ్లప్పుడు అద్దె కట్టలేదని ఇంటి ఓనరు వీళ్లు లోపలుండగానే ఇల్లు తగలబెట్టాడు. పన్నెండేళ్లకి కాథలిక్ అయినప్పుడు పెట్టుకున్న ఆంథనీ అనే పేరులోంచే ఈ టోనీ వచ్చింది, మోరిసన్ మొగుడి ఇంటిపేరు, 1964లో విడిపోయారు. అప్పుడు ఇద్దరు చిన్నపిల్లలతో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో టెక్స్ట్‌బుక్ ఎడిటర్‌గా ఉద్యోగం చేస్తూ, పిల్లలు పడుకున్నాకా వాళ్లు లేవకముందూ దొరికిన టైంలో ఈ నవల రాసింది. 1970లో అది అచ్చయ్యేసరికి ఆవిడకి 39. రాయడానికి టైం లేదు అని నేను ఫ్రెండ్స్ దగ్గర ఏడవడం అప్పటినుంచి కాస్త తగ్గించా.

కథ లొరైన్‌లోనే, పికోలా అనే పదకొండేళ్ల నల్లపిల్ల నీలం కళ్లు కావాలని దేవుణ్ని అడుగుతుంది. పెళ్లిచూపుల్లో "అమ్మాయి రంగు కొంచెం తక్కువే" అనే మాట వింటూ పెరిగినవాళ్లకి ఈ పుస్తకం ఎవరూ ఎక్స్‌ప్లెయిన్ చేయక్కర్లేదు. మొదటి పేజీలో స్కూలు వాచకంలాంటి పేరా ఉంటుంది, అదే మూడుసార్లు వస్తుంది, మూడోసారికి పదాల మధ్య గ్యాప్ కూడా ఉండదు, ఫాంట్ పాడైందనుకోకండి, స్కిప్ కూడా చేయకండి, తర్వాత చాప్టర్ల మీద ఆ ముక్కలే వస్తాయి. అది దాటాక అసలు కథ "ఎవరికీ చెప్పకు గానీ" అన్నట్టు మొదలవుతుంది, నేను చెప్పిన అరుగు అదే. ముందే చెప్తున్నా, తండ్రి కూతుర్ని పాడుచేసే సీన్ ఉంది, ఆ రోజు మనసు బాలేకపోతే పక్కన పెట్టండి.

సులా (1973) చిన్నది, రెండ్రోజుల్లో అయిపోతుంది. చాప్టర్ల పేర్లన్నీ సంవత్సరాలే, 1919, 1920 అలా, కాబట్టి పైనున్న సంవత్సరం చూసి చదివితే తప్పిపోరు. కొండమీదున్న నల్లవాళ్ల పేటకి బాటమ్ (అడుగుభాగం) అనే పేరెందుకు పెట్టారో చెప్పే మొదటి నాలుగు పేజీలకే నేను పడిపోయా. ఇద్దరు ఆడవాళ్ల స్నేహం గురించి ఇంత మొహమాటం లేకుండా రాసింది నేనింకోటి చదవలేదు.

సాంగ్ ఆఫ్ సాలమన్ (1977) మాత్రం పెద్దది, దీనికి వెనక అట్టలో వంశవృక్షం గీసుకోవాల్సిందే. కథలో కుటుంబం ఇంటిపేరే డెడ్, అంటే చచ్చినవాడు, ఒక తాగుబోతు గుమాస్తా కాగితంలో తప్పు గడిలో రాసిన రాత తరాలపాటు అంటుకుంటుంది (మన ఆధార్ స్పెల్లింగుల బాధ పడ్డవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది). పుస్తకంలో ఒక పాట వస్తుంటుంది, వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి, చివర్లో తాళంచెవి ఆ పాటలోనే ఉంది. ఇంతకన్నా చెప్పను. దీని తర్వాతి నవల టార్ బేబీ ఇప్పటికి వదిలేయొచ్చు, నాకైతే అంత పట్టలేదు.

ఇప్పుడు బిలవెడ్. న్యూయార్క్ ర్యాండమ్ హౌస్‌లో ఆవిడ ఏళ్ల తరబడి ఎడిటర్, నల్లవాళ్ల హక్కుల ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్, బాక్సర్ మహమ్మద్ అలీల ఆత్మకథలు ఆవిడ చేతిమీదుగానే వచ్చాయి. అక్కడే నల్లవాళ్ల చరిత్ర మీద పాత ఫొటోలు, పేపర్ కటింగ్‌లు పోగేసి 1974లో ద బ్లాక్ బుక్ అని తెచ్చారు, ఆ పనిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస గురించిన పాత వార్త కంటబడింది, బిలవెడ్ పుట్టింది అందులోంచే. 1856 జనవరిలో ఆవిడ కుటుంబంతో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి సిన్సినాటికి పారిపోయింది, పట్టుకోడానికి వచ్చినవాళ్లు చుట్టుముడితే మళ్లీ బానిసత్వంలోకి పంపడం ఇష్టంలేక రెండేళ్ల కూతుర్ని తన చేత్తో చంపేసింది. ఈ సంగతి ముందే తెలుసుకుని నవల తెరవండి, స్పాయిలర్ అని భయపడకండి, నేను రెండుసార్లు ఆగిపోయింది ఇది తెలియకే. మోరిసన్ ఎడిటర్ ఉద్యోగం మానేసింది 1983లో, నవల వచ్చింది 1987లో.

మొదట్లో కనిపించే 124 ఇంటి నంబరు, సిన్సినాటి ఊరిబయట, 1873. ఆ ఇంట్లో దెయ్యం ఉంది, అది నిజంగా దెయ్యమేనా అని ఆలోచిస్తూ కూర్చోకండి, ఆ ఇంట్లోవాళ్లు ఎలా తీసుకున్నారో మీరూ అలాగే తీసుకోండి. కాలం ఒక వాక్యంలోనే ముందుకీ వెనక్కీ పోతుంది, పేరా అర్థం కాకపోతే వెనక్కి వెళ్లకుండా ఇంకో పది పేజీలు నడవండి, చెప్పాల్సింది మళ్లీ తిప్పి చెప్తుంది. అయినా కష్టమైతే ఆడియోబుక్ పెట్టండి, ఆవిడే చదివింది, మెల్లగా, గుసగుసగా. నేను చేతిలో పుస్తకం పట్టుకుని చెవిలో ఆవిడ గొంతు వింటూ పూర్తి చేశా, మధ్యలో ఆడవాళ్ల గొంతులన్నీ కలిసిపోయే చాప్టర్లు కంటితో అయితే నా వల్ల అయ్యేవి కాదు.

1993లో నోబెల్ వచ్చింది, సాహిత్యంలో అది అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఈవిడే. బిలవెడ్‌కి జోడీగా అనుకుని రాసినవి జాజ్, పారడైజ్, వాటికి తొందరేం లేదు. ముందు హోమ్ (2012) చదవండి, పలచగా ఉంటుంది, కొరియా యుద్ధం నుంచి వచ్చినవాడు చెల్లెల్ని వెతుక్కుంటూ జార్జియాకి పోయే కథ. అది రాస్తుండగా 2010లో చిన్నకొడుకు స్లేడ్ క్యాన్సర్‌తో పోయాడు, రాయడం ఆగిపోయింది, కొన్నాళ్లకి మళ్లీ కూర్చుని ముగించింది. మొదట్లో అంకితం పేజీ ఉంటుంది, అందులో ఉన్నది ఒక్క పేరే.