కొబ్బరి పాదుల్లో వెంపలి మొలిపించడం ఎలా?

ఉద్దానం ఇసుక నేలల్లో ఎవరూ నాటకుండానే గట్ల మీద ఊదారంగు పూలు పూసే వెంపలిని పీకి పారేసి, ఆనక యూరియా బస్తాలు మోసుకొచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, ఆ మొక్కను నేలలో కలిపితే నత్రజని నేలకొస్తుంది. లోతుగా దిగే తల్లివేరు వదులు ఇసుకను పట్టి ఉంచుతుంది, పూలకి తేనెటీగలొస్తాయి. 2018లో తిత్లీ తుఫాను కూల్చిన తోటల్లో మళ్లీ పెట్టిన కొబ్బరి మొక్కలకైతే ఇంతకంటే చౌక ఎరువు లేదు.

గుర్తుపట్టడం తేలికే, ఆకు కొస పట్టి లాగితే బాణం మొనలా తెగుతుంది. కాయలు గోధుమరంగుకి తిరగగానే, పగిలి గింజ చిమ్మకముందే కోసి, గుడ్డ కప్పి ఎండబెట్టండి. ఇంక కావలసినవి రోలు, గరుకు ఇసుక.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. గింజ పైపొర మైనం పూసినట్టు గట్టిగా ఉంటుంది, నీరు లోపలికి పోదు. అలాగే చల్లేసి, మొలవకపోతే విత్తనం మంచిది కాదంటారు! గింజలకి సమానంగా ఇసుక కలిపి రోట్లో వేసి, రోకలిని ఎత్తి దంచకుండా గుండ్రంగా తిప్పుతూ నూరండి. దంచితే పప్పు బద్దలవుతుంది. గింజ మీద నిగనిగ పోయి మసకబారితే ఆపేయాలి, అంతకుమించి ఒక్క తిప్పూ వద్దు.

సరిగ్గా గీరుకుందో లేదో తెలియాలంటే కొన్ని గింజలు రాత్రి నానబెట్టండి. తెల్లారేసరికి ఉబ్బినవి మొలుస్తాయి, రాళ్లలా ఉన్నవి ఇంకోసారి రోట్లోకే. ఎక్కువ గింజలు ఉబ్బేదాకా చల్లే ఊసే ఎత్తొద్దు.

వేడినీళ్లలో 2-3 నిమిషాలు ముంచితే చాలదా అంటారు. చాలుతుంది, కాదనను, కానీ పొయ్యి దగ్గర కబుర్లలో పడితే గింజ ఉడికిపోతుంది. రోట్లో ఎంత నూరిందీ కంటికి కనిపిస్తుంది కాబట్టి నా ఓటు ఇసుకకే.

తొలకరి పడగానే పాదుకి గుప్పెడు చల్లి పైపైన మట్టి కప్పండి. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు, కంచె టెన్షన్ అక్కర్లేదు. పూత మొదలవగానే ఒక మొక్క పీకి వేరు బుడిపె కోసి చూడండి, లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తున్నట్టే. అప్పుడే నేలలో కలిపేయాలి, కాండం ముదిరితే త్వరగా కుళ్లదు. గట్టు మీద కొన్ని మొక్కలు విత్తనానికి వదలండి. పీకిన చెత్త మాత్రం చేపల చెరువులో వేయకండి, చేపలకి అది విషం.