అక్షరాలు వచ్చిన పిల్లలకు పుస్తకం అలవాటు చేయడం ఎలా?

రెండు, మూడు తరగతులకు వచ్చేసరికి చాలామంది పిల్లలకు గుణింతాలు వచ్చేస్తాయి, వత్తులూ చాలావరకు గుర్తుపడతారు. అయినా పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోరు. దాన్ని బద్ధకం అనుకోవద్దు. చదవడం వాళ్లకింకా కష్టమైన పనే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతారు. కథే అందనప్పుడు సరదా ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే ముందు కథ చెవిన పడాలి, ఆ తర్వాతే అదే పుస్తకం చేతికి రావాలి. 'అమ్మమ్మ'లో రెండు మవత్తులున్నా తడుముకోకుండా చదివే పిల్ల 'వ్యత్యాసం' దగ్గర ఆగిపోతుంది. వత్తు ఒక్కటే కారణం కాదు, ఆ మాట తను ఎప్పుడూ విని ఉండకపోవడమే పెద్ద కారణం. ఇంట్లో మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించడానికి చదివి వినిపించడం కన్నా మంచి దారి లేదు.

రోజూ పది పదిహేను నిమిషాలు చాలు. రాత్రి అన్నాలయ్యాకో, పడుకునే ముందో, వేళ మాత్రం మారకూడదు. పిల్లల్ని ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం ఇద్దరికీ కనబడేలా పట్టుకోండి. ముందు అట్ట చూపించి పేరు చదవండి, బొమ్మలన్నీ ఒకసారి తిప్పి చూడనివ్వండి. తర్వాత మామూలుగా మాట్లాడేదాని కన్నా కాస్త నిదానంగా, పదాల కింద వేలు జరుపుతూ చదవండి. వేలితో పాటు గొంతు కూడా ప్రతి పదానికీ ఆగితే వాక్యం ముక్కలైపోతుంది. పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగితే తర్వాత ఏమవుతుందో పిల్లలే చెప్పేస్తారు. "మళ్లీ అదే కథ" అని అడిగితే విసుక్కోకుండా చదవండి. నాలుగైదు సార్లు విన్నాక, కథలో తిరిగి తిరిగి వచ్చే వాక్యం దగ్గర మీరు నోరు మెదపకండి. ఆ వాక్యం వాళ్లే అందుకుంటారు. చదవగలనన్న ధైర్యం మొదలయ్యేది అక్కడే.

పిల్లలు చదువుతుంటే ప్రతి తప్పూ దిద్దబోవడం వల్లే పని ఎక్కువగా చెడుతుంది. 'వెళ్లాడు'ను 'పోయాడు' అని చదివితే వదిలేయండి, అర్థం పట్టుకున్నారన్నమాట. అర్థం మారిపోతే వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి, చాలాసార్లు వాళ్లే వెనక్కి వచ్చి సరిచేసుకుంటారు. లేకుంటే మీరు ఆ వాక్యాన్ని ఒకసారి సరిగ్గా చదివి ముందుకు సాగిపోండి. కథ అవ్వగానే "నీతి ఏమిటి?" అని మాత్రం అడగొద్దు, కథ కాస్తా పరీక్ష అయిపోతుంది. పుస్తకానికింత అని చాక్లెట్లో డబ్బులో ఇవ్వజూపితే సన్న పుస్తకాలు ఏరుకుని పేజీలు తిప్పేస్తారు.

పుస్తకం స్థాయి తెలుసుకోవాలంటే మధ్య పేజీ ఒకటి చదివించండి. ఒకటి రెండు మాటల దగ్గర ఆగితే అది పిల్లల చేతికి ఇవ్వచ్చు. ఐదు చోట్ల ఆగితే అది మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం. పేజీకి నాలుగు వరుసలే ఉంటే రెండు చోట్ల ఆగినా ఎక్కువే.

పుస్తకాలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసుకుని ప్రింటు తీసుకోవచ్చు. స్థాయిలు నాలుగు, కొత్తగా చదివేవాళ్లకు ఒకటో స్థాయితో మొదలుపెట్టండి. నిలువు పేజీల కథ ఎంచుకుని, ప్రింటు సెట్టింగుల్లో 'బుక్‌లెట్' పెట్టండి. ఒక ఏ4 కాగితానికి నాలుగు పేజీలు పడతాయి కాబట్టి 16 పేజీల కథకు నాలుగు కాగితాలు చాలు. రెండు వైపులా ప్రింటు తీసేటప్పుడు 'షార్ట్ ఎడ్జ్' అని ఎంచుకోకపోతే వెనకవైపు పేజీలు తలకిందులుగా వస్తాయి, జిరాక్స్ షాపులో ఈ మాట ముందే చెప్పండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద అవతలి బొమ్మ ఇవతలికి కనబడుతుంది, 100 అయితే బాగుంటుంది.

స్టేప్లర్ పిన్నులు తేమకు తుప్పుపడతాయి, దారంతో కుట్టడం మేలు. కాగితాలు కలిపి మడిచి, మడత మీద మధ్యలో ఒక రంధ్రం, దానికి పైనా కిందా రెండున్నర అంగుళాల దూరంలో ఒక్కోటి చేయండి. సూదిని లోపలి నుంచి మధ్య రంధ్రంలోంచి బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, అక్కడి నుంచి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, రెండు కొసలూ లోపలి పొడవు దారం మీదుగా ముడేయండి. ఎనిమిదేళ్ల పిల్లలు పక్కన పెద్దవాళ్లుంటే ఈ పని చేసేస్తారు. తాము కుట్టిన పుస్తకాన్ని వాళ్లు చదవకుండా ఉండరు.

బీరువాలో వరసగా పేర్చిన పుస్తకాల వీపులే కనబడతాయి, వాటిని పిల్లలు పట్టించుకోరు. గోడకు రెండున్నర మూడు అడుగుల ఎత్తులో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో అట్ట బొమ్మలు కనబడేలా ఏడెనిమిది తగిలించండి. వారానికి మూడు నాలుగు మార్చండి. బరువైన పుస్తకాలకు తాడు సాగిపోతుంది, వాటిని కింద బుట్టలో పెట్టండి.

విదేశాల్లో ఉన్న మనవలకు కూడా ఇది పనికొస్తుంది. ఒకే కథను రెండిళ్లలోనూ ప్రింటు తీసుకుంటే, వీడియో కాల్‌లో తాతయ్యో నానమ్మో చదువుతుంటే అక్కడ పిల్లలు తమ పుస్తకంలో వేలు పెట్టి అనుసరిస్తారు. తెర మీద బొమ్మ చూపించడం కన్నా ఇదే నయం, మాట ఎక్కడుందో పిల్లలే వెతుక్కుంటారు.

పదేళ్లు దాటినవాళ్లకు కథలే చదవాలని పట్టుపట్టకండి. క్రికెట్, రాకెట్లు, పాములు, బొమ్మల కథలు, ఏవైనా సరే. గ్రంథాలయానికి తీసుకెళ్లినప్పుడు పుస్తకం వాళ్లనే ఎంచుకోనివ్వండి, నచ్చకపోతే సగంలో వదిలేసి ఇంకోటి తీసుకోనివ్వండి. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి మొదటిసారి తీసుకెళ్లి సభ్యత్వం రాయించడానికి ఆ వారం బాగుంటుంది.