శ్రీలంకలో బ్రిటిష్ కాలపు హోటళ్లలో బస: గదిని ఎంచుకోవడం ఎలా?

శ్రీలంకలో బ్రిటిష్ కాలపు హోటళ్లలో బస చేయదలచినవారు హోటల్ పేరు కంటే గదికే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ భవనాలకు కాలక్రమంలో కొత్త భాగాలు చేరడం మామూలే కాబట్టి, ఎత్తయిన పైకప్పు, చెక్క నేల ఉన్న పాత గదితో పాటు ఏ నగరంలోనైనా దొరికే సాధారణ గది కూడా అదే పేరు మీద అమ్ముడవుతుంది. అందుచేత బుకింగ్ వెబ్‌సైట్‌లోని ఫొటోలను నమ్ముకోకుండా హోటల్‌కు నేరుగా ఈమెయిల్ రాసి, తమకిచ్చే గది పాత భవనంలోనే ఉందా, ఎన్నో అంతస్తులో ఉంది, లిఫ్టు అక్కడిదాకా వెళుతుందా, కిటికీ ఎటువైపు ఉంది అని అడగాలి. పెద్దవారితో వెళ్లేవారు మెట్ల సంగతి, స్నానాల గదిలో తొట్టి గట్టు ఎత్తు కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

కొలంబోలో 1864 నాటి గాల్ ఫేస్ హోటల్ అన్నిటికన్నా ప్రసిద్ధం. సముద్రం కనిపించే గదికి ధర ఎక్కువ. అయితే సాయంత్రం జెండా దించే వేళకు వరండాలో కుర్చీ దొరికితే అదే సముద్రం అక్కడి నుంచీ కనిపిస్తుంది కనుక, ఒక్క రాత్రి బసకు ఆ అదనపు ఖర్చు అనవసరమని నా అభిప్రాయం. నగరానికి దక్షిణాన, ఒకప్పుడు గవర్నర్ నివాసమైన మౌంట్ లావీనియా హోటల్ తీరికగా గడపదలచినవారికే అనువైనది.

క్యాండీలో క్వీన్స్ హోటల్‌కు ఉన్న అసలు ఆకర్షణ అది ఉన్న చోటు. బుద్ధుని దంతధాతువు ఉన్న దళద మాళిగావ ఆలయానికి అక్కడి నుంచి నడిచి వెళ్లవచ్చు, సరస్సు ఎదురుగానే ఉంటుంది. ఆ సరస్సును తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడు క్యాండీ చివరి రాజు. తెలుగు మూలాలున్న మదురై నాయకులతో సంబంధమున్న వంశం ఆయనది. బ్రిటిష్‌వారు 1815లో ఆయనను పదవీచ్యుతుణ్ణి చేసి వేలూరుకు పంపారు. మన పాఠకులు ఆ సరస్సు గట్టున కాసేపు నిలబడడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇక గది విషయానికి వస్తే, వీధివైపు గదుల్లో వాహనాల రొద తప్పదు, నిద్ర ముఖ్యమనుకునేవారు లోపలివైపు గది అడగాలి. జులై, ఆగస్టుల్లో జరిగే ఎసల పెరహెర ఊరేగింపు రోజుల్లో మాత్రం లెక్క తలకిందులవుతుంది. అప్పుడు వీధివైపు గదులకే గిరాకీ, అవి కావాలంటే నెలల ముందే అడగాలి.

నువర ఎలియ సముద్ర మట్టానికి సుమారు 1,868 మీటర్ల ఎత్తున ఉంది. రైలులో వెళ్లేవారు నాను ఓయ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి వాహనంలో ఊరికి చేరాలి. గవర్నర్ ఎడ్వర్డ్ బార్న్స్ కట్టించుకున్న ఇల్లే పెరిగి నేటి గ్రాండ్ హోటల్ అయింది. రాత్రి చలికి మన ప్రాంతంవారు తట్టుకోలేరు. అందుకని గదిలో హీటర్ ఉందో లేదో ముందే తెలుసుకుని, పడుకునే ముందు వేడినీళ్ల సంచి అడిగి తీసుకోవాలి. 1876లో ఏర్పడిన హిల్ క్లబ్‌లో రాత్రి భోజనానికి మగవారు కోటు, టై ధరించడం పాత ఆనవాయితీ. వెంట తెచ్చుకోనివారికి క్లబ్బే వాటిని అరువిచ్చే పద్ధతి కూడా ఉంది. ఈ తంతు నచ్చనివారు అక్కడ సాయంత్రం టీతో సరిపెట్టుకోవచ్చు. ఏప్రిల్‌లో సింహళ, తమిళ సంవత్సరాది రోజుల్లో ఊరంతా కిక్కిరిసి, ధరలు పెరుగుతాయి.

బిల్లు దగ్గర జాగ్రత్త అవసరం. చెప్పిన ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే సేవా రుసుము, పన్నులు దానికి అదనమని అర్థం. సేవా రుసుము 10 శాతం, దానిపైన వ్యాట్ 18 శాతం కలిస్తే 100 డాలర్ల గది దాదాపు 130 డాలర్లవుతుంది. పౌర్ణమినాడు, అంటే పోయ రోజున, మద్యం అమ్మరు. శాకాహారులు కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌ను వడ్డించుకునే ముందు అడిగి తీరాలి. అందులో చాలాచోట్ల మాల్దీవుల ఎండుచేప పొడి కలుపుతారు, చూపుకు అది తెలియదు.

నలుగురైదుగురున్న కుటుంబానికి హోటల్ కంటే హట్టన్ చుట్టుపక్కల తేయాకు తోటల్లోని పాత దొరల బంగళాలు మేలు. వాటిలో కొన్నింటిని వంటమనిషితో సహా మొత్తంగా అద్దెకిస్తారు. మార్కెట్ దూరం కనుక భోజనంలో ఏమేం కావాలో ముందురోజే చెప్పాలి. దారిలో కనిపించే లైన్ ఇళ్లలో, అంటే తోట కూలీల కోసం వరుసగా కట్టిన ఇళ్లలో, దక్షిణ భారతం నుంచి కూలీలుగా వచ్చిన తమిళుల వారసులు నేటికీ కాపురముంటున్నారు. అవి చూడముచ్చటైన పాత కట్టడాలు కావు, వారి ఇళ్లు. కాబట్టి అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు.