మచ్చలేని తెల్ల చిమ్మటను పోల్చుకోవడం

గుమ్మం దీపం దగ్గర గోడకు అతుక్కుని, గీత గానీ చుక్క గానీ లేని తెల్ల చిమ్మట కనిపిస్తే మొదట రెక్కల మధ్యలో గుర్తుల కోసం వెతకడం మానేయండి. అక్కడ ఏమీ ఉండదు. న్యూజెర్సీలో మా ఇంటి దీపానికి వచ్చిన ప్రతి తెల్లదానినీ రెండు వేసవులపాటు ‘వైట్ స్ప్రింగ్ మాత్’ అనే రాసుకున్నాను, జూలైలో వచ్చినవాటిని కూడా. పేరులోని ‘స్ప్రింగ్’ (వసంతం) చూసైనా అనుమానం రావలసింది.

ఒళ్లు సన్నగా ఉండి, రెక్కలు నాలుగూ గోడకు పరిచినట్టు ఉంటే అది జియోమెట్రిడే కుటుంబానిదే కావచ్చు. వీటి గొంగళ్లు దాసరి పురుగులా నడుము ఎత్తి ఎత్తి నడుస్తాయి. బొచ్చు ఒళ్లుతో, రెక్కలను ఇంటికప్పులా వాల్చి కూర్చుంటే అది వేరే కుటుంబం. ఫాల్ వెబ్‌వర్మ్ అయి ఉండవచ్చు.

తరువాత స్కేలు తీయండి. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 35 మిల్లీమీటర్లు దాటి, ముందు రెక్క అంచు మధ్యలో కోణం తిరిగి ఉంటే ఎల్మ్ స్పాన్‌వర్మ్. దీని గొంగళ్ల బెడద తీరుస్తాయనే ఆశతోనే 1850లలో బ్రూక్లిన్‌కు ఇంగ్లండు నుంచి పిచ్చుకలను తెప్పించారు. ఆ పిచ్చుకలు ఇప్పుడు ఖండమంతా ఉన్నాయి, చిమ్మటా ఉంది.

అంతకంటే చిన్నదైతే వెనుక రెక్క అంచు చూడండి. అక్కడ చిన్న మూల తేలితే, అందులోనూ జూన్, జూలై నెలలైతే, స్నోయీ జియోమీటర్. అంచు గుండ్రంగా ఉంటేనే అసలు చిక్కు. అప్పుడు టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. లేత పసుపు గీతలు రెండు మూడు లీలగా తేలితే వెస్టల్ మాత్. దాన్ని సీసాలో పట్టి పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే కుదురుగా కూర్చుంటుంది; ఎదురుగా ఫోటో తీస్తే ముఖం నారింజ ఛాయలో కనిపిస్తుంది. తీశాక వదిలేయండి. ఏ గీతా లేక, పట్టులా మెరుస్తూ, 20 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, ఏప్రిల్ చివర్లోనో మేలోనో వచ్చిందా? అదీ వైట్ స్ప్రింగ్ మాత్!

పొలుసులు రాలి అరిగిపోయినవాటితో మాత్రం పంతం పట్టకండి. అరిగిన ఎల్లో డస్టెడ్ క్రీమ్ అనే చిమ్మట అచ్చం వెస్టల్‌లాగే ఉంటుంది. అలాంటప్పుడు నేను ‘కేబెరా’ అని ఆ రెండిటి ఉమ్మడి ప్రజాతి పేరు రాసి ఊరుకుంటాను. కిందటేడాది నా పుస్తకంలో అలాంటివి పదకొండు.