మీ సైట్‌కు ఎవరెవరు లింక్ ఇచ్చారో చూసుకోండి

గుంటూరులో మా బావ ఎండుమిర్చి, కారం పొడి అమ్మే సైట్ నడుపుతున్నాడు. మొన్న ఆదివారం అరండల్‌పేటలో వాళ్లింట్లో కూర్చుని, ఆ సైట్‌కు బయట ఎవరెవరు లింక్ పెట్టారో చూశాం. సైట్ ఉన్నవాళ్లంతా అప్పుడప్పుడూ చూసుకోవాల్సిందే.

దీనికి గూగుల్ సెర్చ్ కన్సోల్ వాడాం. మన సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో, ఎవరు లింక్ ఇచ్చారో చూపించే గూగుల్ టూల్ ఇది, ఉచితమే. ముందు సైట్ మీదేనని రుజువు చేయాలి. వివరాలు రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. ఎడమవైపు మెనూలో 'లింక్స్' నొక్కితే 'టాప్ లింకింగ్ సైట్స్' కనిపిస్తుంది. అందులో ఒక సైట్ పేరు నొక్కితే అది మీ ఏ పేజీకి లింక్ ఇచ్చిందో, ఆ పేజీ నొక్కితే లింక్ ఎక్కడ ఉందో తెలుస్తుంది.

బావ జాబితాలో ఒక వంటల సైట్ ఉంది. గోంగూర పచ్చడి గురించి రాసినావిడ, మిర్చి ఇక్కడ కొనండంటూ మా బావ పేజీకి లింక్ ఇచ్చారు. తీరా నొక్కితే 404, అంటే ఆ పేజీ లేదని! రెండేళ్ల కిందట బావ పేజీ అడ్రస్ మార్చి పాతదాన్ని అలాగే వదిలేశాడు. అన్నాళ్లూ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి పోయారన్నమాట. ప్రాణం ఉసూరుమంది. వెంటనే పాత అడ్రస్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాం, అంటే పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లు దానంతటదే కొత్తదానికి వెళ్లేలా చేశాం. పది నిమిషాల పని.

సెర్చ్ కన్సోల్ అన్ని లింకులనూ చూపించదు, కొన్నే చూపిస్తుంది. అందుకని మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజిన్ బింగ్‌కు ఉన్న ఇలాంటి టూల్, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో కూడా ఓసారి చూడండి. మీ షాపు పేరును కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. పేరు రాసి లింక్ ఇవ్వనివాళ్లు దొరికితే, మర్యాదగా ఒక మెయిల్ పెట్టి అడగండి.

జాబితాలో చెత్త సైట్లు కనిపిస్తే టెన్షన్ పడకండి. అలాంటి లింకులను గూగుల్ చాలావరకు తనే పట్టించుకోదు.