మామిడిపండు స్మూతీ బౌల్, దాని మీదకి ఇంట్లో చేసిన గ్రానోలా

ఎండాకాలం పొద్దున్నే పొయ్యి ముందు నిలబడి దోసెలు పొయ్యాలంటే ఎవరికైనా విసుగే, అందుకే మామిడిపండ్లు ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో టిఫిన్ చాలాసార్లు ఇదే. కాకపోతే చాలామంది చేసేది బౌల్ కాదు, గిన్నెలో పోసిన మిల్క్‌షేక్. బౌల్ అంటే చెంచాతో తినేలా గట్టిగా ఉండాలి, పైన వేసిన గ్రానోలా (బెల్లం, నెయ్యితో కరకరలాడేలా వేయించిన ఓట్స్, గింజలు) మునిగిపోకూడదు. ఆ చిక్కదనం పండు గడ్డకట్టడం వల్ల వస్తుంది, ఐస్ ముక్కలు వేస్తే రాదు, ఐస్ కరిగి నీళ్లయిపోతుంది అంతే.

ముందు గ్రానోలా సంగతి. రెండు కప్పుల రోల్డ్ ఓట్స్ తీసుకోండి (ఇన్‌స్టంట్‌వి వద్దు, పొడి పొడి అయిపోతాయి), అరకప్పు పల్లీలు, గుప్పెడు బాదం తరుగు, రెండు చెంచాల నువ్వులు, కొంచెం ఎండుకొబ్బరి తురుము. అడుగు మందంగా ఉన్న మూకుడులో మూడు చెంచాల నెయ్యి వేసి ముందు పల్లీలు వేయించి, తర్వాత ఓట్స్, బాదం వేసి సన్న సెగ మీద కలుపుతూ పది నిమిషాలు ఓపిగ్గా వేయించాలి, నువ్వులూ కొబ్బరీ మాత్రం చివర్లో, లేకపోతే మాడతాయి. పక్కన పావుకప్పు పైన కొంచెం బెల్లం తురుము రెండు చెంచాల నీళ్లతో కరిగించి, వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి బాగా నురగ రాగానే దించెయ్యండి. పాకం ముదిరితే చిక్కీ అయి కూర్చుంటుంది. అది ఓట్స్‌లో పోసి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి ఇంకో మూడు నాలుగు నిమిషాలు తిప్పి పళ్లెంలో పల్చగా పరిచెయ్యండి. వేడి మీద మెత్తగా ఉందని కంగారుపడి మళ్లీ వేయించొద్దు, ఆరితేనే కరకరలాడుతుంది. ఓవెన్ ఉంటే బెల్లం నీళ్లూ నెయ్యీ అన్నిటికీ పట్టించి 150 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. కిస్‌మిస్, ఖర్జూరం పూర్తిగా చల్లారాకే. తడి తగలని డబ్బాలో రెండు వారాలు హాయిగా ఉంటుంది.

ఇక పండు. బంగినపల్లి దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది, పీచు ఉండదు, ముక్కలు చక్కగా వస్తాయి. రసాలు మాత్రం పిండుకుని తినడానికే బాగుంటాయి, ఇందులో వెయ్యొద్దు. ఇద్దరికి రెండు కప్పుల మామిడి ముక్కలు, తొక్క మీద మచ్చలొచ్చేంత మగ్గిన అరటిపండు ఒకటి. రాత్రే ముక్కలన్నీ పళ్లెంలో విడివిడిగా పరిచి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, ఒకదాని మీద ఒకటి పోస్తే రాయిలా గడ్డకట్టి మిక్సీకి లొంగవు. పొద్దున్న తీసి ఐదు నిమిషాలు బయట ఉంచి, నాలుగైదు చెంచాల గట్టి పెరుగు వేసి, మిక్సీ ఆపి ఆపి తిప్పుతూ మధ్యలో గరిటెతో కిందికి తోస్తూ ఉండాలి, ఆగకుండా తిప్పితే జార్ వేడెక్కి అంతా జారిపోతుంది. చక్కెర అసలు అక్కర్లేదు.

మామిడి అయిపోతే సపోటా చాలా బాగుంటుంది, రంగు చూసి వదిలెయ్యకండి. పుచ్చకాయ అంతా నీళ్లే కాబట్టి దీనికి పనికిరాదు. బొప్పాయి, ఉడికించని అనాసపండు పాలతో పెరుగుతో కలిపి కాసేపు ఉంచితే వాటిలోని ఎంజైముల వల్ల చేదెక్కుతుంది, వాటికి కొబ్బరిపాలు వాడండి. అమెరికాలో ఉన్నవాళ్లకైతే ఫ్రోజెన్ మామిడి ముక్కలు రెడీగా దొరుకుతాయి కాబట్టి రాత్రి పనే లేదు, డబ్బా పల్ప్ మాత్రం కొనొద్దు, చాలావాటిలో చక్కెర ఉంటుంది, పైగా పల్చన.

గిన్నెలు కూడా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబడ్డాక అందులోకి తీసుకుని, పైన పొట్టు తీసిన తాటిముంజల ముక్కలు, పావుగంట నానిన సబ్జా గింజలు ఒక చెంచా, నాలుగు దానిమ్మ గింజలు వేసుకోండి. గ్రానోలా మాత్రం తినబోయే ముందే చల్లాలి, నిదానంగా తినే పిల్లలకైతే చిన్న కప్పులో విడిగా ఇచ్చెయ్యండి, వాళ్లే కొంచెం కొంచెం వేసుకుంటారు.