కొవిడ్ పేషెంటుకు ఒక కాలు చల్లబడితే: హెపారిన్ నుంచి ఆపరేషన్ దాకా

ఆక్సిజన్ మీద ఉన్న కొవిడ్ పేషెంటు "కాలు గుంజుతుంది, తిమ్మిరెక్కింది" అంటే బలహీనత అని బీకాంప్లెక్స్ రాసి పోవద్దు. దుప్పటి తీసి రెండు కాళ్లూ పట్టి చూడాలి. బీపీ పెంచే మందు నోరాడ్రినలిన్ నడుస్తుంటే సాధారణంగా రెండు పాదాలూ చల్లబడతాయి. ఒక్కటే చల్లబడి, పాలిపోయి, నాడి అందకపోతే ధమనిలో గడ్డ పడిందనే అనుకోవాలి. చల్లదనం మొదలైన చోట పెన్నుతో గీత గీసి టైం రాయండి. వేళ్లు కదలడం లేదంటే ఇక స్కానింగ్ కోసం ఆగే కేసు కాదు. నెత్తురు అందని కండ ఆరు గంటలకు మించి ఓర్చుకోదు.

రక్తస్రావం లేకపోతే వెంటనే బరువులో కిలోకు 80 యూనిట్ల హెపారిన్ (నెత్తురు గడ్డకట్టకుండా ఆపే మందు) సిరలోకి, ఆ తర్వాత గంటకు కిలోకు 18 యూనిట్ల చొప్పున ఇన్ఫ్యూజన్ (ఆగకుండా ఎక్కించడం). నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు. అంబులెన్సులోనూ ఇన్ఫ్యూజన్ ఆగొద్దు. గడ్డల జాడ చూపే రక్త పరీక్ష డి-డైమర్ కోసం కూర్చోవడం దండగ, కొవిడ్‌లో అది ఎట్లాగూ ఎక్కువే. ఇంటోళ్లను కాపడం పెట్టనివ్వొద్దు: స్పర్శ పోయిన చర్మం కాలినా తెలియదు.

ఊపిరితిత్తులు అసలే బాగాలేవు కాబట్టి గడ్డ తీసే ఆపరేషన్ వీలైతే లోకల్ మత్తులోనే చేయాలి. గజ్జలో నిలువు కోత, తొడకు నెత్తురు తెచ్చే ఫెమొరల్ ధమనికీ దాని రెండు కొమ్మలకూ టేపులు. ధమనిని మాత్రం అడ్డంగా కోయాలి. నిలువుగా కోసి కుడితే ఇరుకవుతుంది. తొడకు 4 ఫ్రెంచ్ సైజు ఫోగార్టీ (గడ్డను లాగే, కొసన బెలూన్ ఉన్న సన్నని గొట్టం), మోకాలి కిందికి 3. బెలూన్ నింపే చెయ్యి, క్యాథెటర్ లాగే చెయ్యి ఒక్క మనిషివే కావాలి, ఎక్కడ బిగుస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఎక్కువ నింపితే లోపొర చిరుగుతుంది. అసలే వైరస్‌తో వాచిన పొర అది, చిరిగిన చోటే మళ్లీ గడ్డ కడుతుంది. కింది నుంచి నెత్తురు వెనక్కి చిమ్మిందని సంబరపడొద్దు, పక్కదారుల నుంచి కూడా వస్తుంది. టేబుల్ మీదే ఆంజియోగ్రామ్ (రంగు మందు ఎక్కించి ధమనుల ఎక్స్‌రే) తీయండి. తర్వాత 5-0 లేదా 6-0 ప్రోలిన్ దారంతో కుట్టు.

ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాతే. మొదటి రోజు గంటగంటకూ డాప్లర్ (నెత్తురు పారే శబ్దం వినిపించే పరికరం) పెట్టాలి. హెపారిన్ పెంచుతున్నా ఏపీటీటీ (నెత్తురు గడ్డకట్టే సమయం చూసే పరీక్ష) కదలకపోతే, హెపారిన్ పనిని నేరుగా కొలిచే యాంటీ టెన్-ఏ పరీక్ష చూడండి, 0.3 నుంచి 0.7 మధ్య ఉండాలి.

ఆరు గంటలు దాటినా, పిక్క రాయిలా ఉన్నా, అదే సిట్టింగులో రెండు కోతలతో పిక్కలోని నాలుగు కంపార్ట్‌మెంట్లూ (కండలను బిగించి ఉంచే పొరల గదులు) తెరవాలి. మూత్రం టీ రంగుకు తిరిగితే కండ చితికి దాని సరుకు నెత్తురులో కలుస్తోందని అర్థం; పొటాషియం, ఈసీజీ చూడండి.

కండ కట్టెలా బిగిసి, సిరలోనూ డాప్లర్ శబ్దం లేకపోతే గడ్డ తీయొద్దు. చచ్చిన కండలోని విషం ఒంట్లోకి పాకి మనిషే పోవచ్చు. కాలు తీయాల్సి రావచ్చని ఆపరేషన్‌కు మొదటి సంతకం తీసుకునేటప్పుడే ఇంటోళ్లకు చెప్పి ఉంచాలి.